విద్యార్థి మనోవేదన – కళాశాల కర్తవ్యం

విద్యార్థి దశను వసంత ఋతువుతో పోల్చడం మనకు అలవాటు. ఆ పోలిక తప్పు కాదు. అయితే లేత చిగురుకే ముందుగా పురుగు పడుతుందన్న సంగతి రైతులందరికీ తెలిసినదే. బాల్యం దాటి యౌవనంలో అడుగిడే వేళ శరీరం ఎంత వేగంగా మారుతుందో మనస్సు అంతకంటె వేగంగా మారుతుంది. చదువు, ఉద్యోగం, వివాహం అనే మూడు ప్రశ్నలు ఒక్కసారిగా ఎదుట నిలుస్తాయి. 2005లో అమెరికాలో వెలువడిన ఒక విస్తృత పరిశోధన ప్రకారం, మనిషికి జీవితకాలంలో కలిగే మానసిక రుగ్మతలలో సగం 14వ ఏటికే, నాలుగింట మూడు వంతులు 24వ ఏటికే ఆరంభమవుతున్నవి. అనగా జూనియర్ కళాశాల, డిగ్రీ కళాశాల చదువులు సాగే సంవత్సరాలే మనస్సుకు మిక్కిలి జాగ్రత్త అవసరమైన సంవత్సరాలు.

ఈ వయస్సులో మనం పోగొట్టుకొంటున్న ప్రాణాలు తక్కువ కావు. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022వ సంవత్సరంలో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య వలన మరణించారు. రోజుకు 35 మందికి పైగా అన్నమాట. 2019 ఏప్రిల్‌లో తెలంగాణలో ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్ది దినాలలోనే ఇరువదిమందికి పైగా విద్యార్థులు అసువులు బాసిన సంగతి నేటికీ మరపురానిది. ఆ ఫలితాలలో దొర్లిన తప్పులపై ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. జవాబు పత్రాలను తిరిగి పరిశీలించగా, తప్పినట్లు ప్రకటింపబడినవారిలో వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైనట్లు తేలింది. కాగితం మీది అంకెను సరిదిద్దవచ్చును. పోయిన ప్రాణాన్ని సరిదిద్దలేము.

ఇట్టి వార్తలు చదివినప్పుడు ఒక నిట్టూర్పు విడిచి పత్రికను మడిచి ప్రక్కన పెట్టడం మనలో చాలామంది చేసే పని. ఆ నిట్టూర్పు తరువాత కళాశాల చేయవలసినది ఏమి, విద్యార్థి చేయగలిగినది ఏమి అన్నదే ఈ వ్యాసంలో మేము చర్చింపదలచిన విషయం. మా అభిప్రాయాన్ని ముందుగానే చెబుతాము. వేదనలో ఉన్న విద్యార్థికి మొదట కావలసినది ఉపదేశం కాదు, భయం లేకుండా మాట్లాడగల ఒక చోటు. అట్టి చోటును కల్పించడం కళాశాల బాధ్యత. ఆ చోటు నిలిచేది గోప్యత అనే ఒక్క స్తంభం మీద.

కౌన్సెలింగ్ అనగా నేమి?

కౌన్సెలింగ్ అనే మాట మన తెలుగు నేలపై రెండు చిత్రమైన అర్థాలను సంపాదించుకొన్నది. ప్రవేశ పరీక్షలో ర్యాంకు వచ్చిన పిదప ఇంజనీరింగు సీటు కోసం ధ్రువపత్రాలతో హాజరు కావడం ఒక కౌన్సెలింగ్. మద్యం సేవించి బండి నడిపినవారిని, రౌడీషీటర్లను పోలీసువారు కూర్చుండబెట్టి మందలించి పంపడం మరొక కౌన్సెలింగ్. కనుక అధ్యాపకుడు ఒక విద్యార్థితో, "నీవు కౌన్సెలింగుకు వెళ్ళు" అన్నప్పుడు, "నేనేమి తప్పు చేశాను?" అని ఆ విద్యార్థి బెదరడంలో ఆశ్చర్యం లేదు.

సలహా అనే మాట ఉర్దూ నుండి వచ్చి తెలుగువారి ఇంటి మాటయై స్థిరపడినది. ఏ భాషలో అన్నా ఆ మాటకు మనకు తోచే చిత్రం ఒక్కటే: పెద్దవారు చెబుతూ ఉంటారు, చిన్నవారు తల వంచుకొని వింటూ ఉంటారు. కౌన్సెలింగులో ఈ చిత్రం తలక్రిందులవుతుంది. ఇక్కడ చెప్పేది విద్యార్థి, వినేది పెద్దలు. ఆ వినడం కూడా ఊరక వినడం కాదు, శిక్షణ వలన అలవడిన విద్య. మధ్యలో అడ్డు తగలకుండా, తీర్పు చెప్పకుండా, "ఇంతేనా?" అని తేలిక చేయకుండా, "అయ్యో!" అని బెంబేలెత్తకుండా వినడం ఎంత కష్టమో ప్రయత్నించినవారికి తెలుస్తుంది. విన్న పిదప విద్యార్థి తన చిక్కును తానే స్పష్టంగా చూచి, తనకు సాధ్యమైన ఒక మార్గాన్ని తానే ఎన్నుకొనేలా సహాయపడడం కౌన్సెలరు పని.

ఈ శాస్త్రానికి చరిత్ర ఉన్నది. యువకులకు వృత్తిని ఎన్నుకొనడంలో తోడ్పడే ఉద్దేశంతో ఫ్రాంక్ పార్సన్స్ 1908లో అమెరికాలోని బోస్టన్ నగరంలో ఒక కార్యాలయాన్ని ప్రారంభించాడు. 1942లో కార్ల్ రోజర్స్ అనే మనస్తత్వవేత్త ప్రచురించిన గ్రంథం ఈ విద్యను కొత్త మలుపు త్రిప్పింది. ఎదుటివానిని షరతులు లేకుండా స్వీకరించడం, అతని స్థానంలో నిలిచి చూడడం, నటన లేకుండా ఉండడం అనే మూడు గుణాలు వినేవానికి ఉండవలెనని ఆయన బోధించాడు. మన దేశంలో 1952–53 నాటి మొదలియార్ కమిషను, 1964–66 నాటి కొఠారి కమిషను విద్యార్థులకు మార్గదర్శక సేవలు ఉండవలెనని సిఫారసు చేశాయి. సిఫారసులకు వయస్సు మీరినది గాని, అనేక కళాశాలలలో అవి ఇంకను గడప దాటి లోనికి రాలేదు.

ఇది పాశ్చాత్యుల విద్య, మన కేల అనేవారికి ఒక మాట. చరక సంహిత శరీర రోగాలతోపాటు మానస రోగాలను కూడా వేరుగా పేర్కొన్నది. తొమ్మిది, పది శతాబ్దాలకు చెందిన అబూ జైద్ అల్ బల్ఖీ అనే పండితుడు శరీరం, మనస్సు రెండింటి సంరక్షణను ఒకే గ్రంథంలో వివరిస్తూ కోపం, భయం, దుఃఖం, విడువని దురాలోచనలు అనే నాలుగింటిని విడివిడిగా చర్చించాడు. జీవితమంతా కొన్ని శరీర వ్యాధులు సోకనివారు ఉండవచ్చును గాని మనస్సుకు కలత కలుగనివారు ఉండరని ఆయన అభిప్రాయం. కాబట్టి మనోవేదనను గుర్తించడం మనకు కొత్త కాదు. దానిని దాచిపెట్టడమే ఇటీవలి అలవాటు.

వేదనకు మూలాలు

మన కళాశాలల వంటి చోట్ల చదివే విద్యార్థుల కష్టాలలో కొన్ని అందరికీ సామాన్యమైనవి, కొన్ని ప్రత్యేకమైనవి. పరీక్షా భయం అందరికీ ఉన్నదే. కొద్దిపాటి భయం మేలు చేస్తుంది, అది మనిషిని పుస్తకం ముందు కూర్చుండబెడుతుంది. హద్దు దాటిన భయం చదివినదానిని కూడా మరపిస్తుంది. ఇక ఉర్దూ మాధ్యమంలోనో తెలుగు మాధ్యమంలోనో ఇంటర్మీడియట్ వరకు చదివి, డిగ్రీలో ఒక్కసారిగా ఇంగ్లీషు మాధ్యమంలో చేరిన విద్యార్థి సంగతి వేరు. నిన్నటి వరకు తరగతిలో ముందు బెంచీలో కూర్చున్నవాడు నేడు వెనుక బెంచీలో మౌనంగా కూర్చుంటాడు. విషయం తెలియక కాదు, భాష తెలియక. కాని కొన్నాళ్ళకు తనకు బుద్ధి లేదని తానే నమ్మడం ఆరంభిస్తాడు.

కుటుంబంలో మొట్టమొదట కళాశాల గడప త్రొక్కిన విద్యార్థి భుజాల మీద తన ఆశలతోపాటు ఇంటిల్లిపాది ఆశలు ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిలు సకాలంలో రాక ధ్రువపత్రాలు చేతికందనప్పుడు ఆ భారం రెట్టింపవుతుంది. సాయంత్రాలు దుకాణంలోనో, సరుకుల బట్వాడాలోనో పనిచేసి రాత్రి చదువుకొనేవారు ఉన్నారు. చదువు నడుమనే వివాహ ప్రయత్నాలు మొదలై, ఈ సంవత్సరం పరీక్ష వ్రాయగలనో లేదో తెలియని విద్యార్థినులు ఉన్నారు. వీటికి తోడు నేటి కాలం తెచ్చిన కొత్త ఉచ్చులు: ఆన్‌లైన్ పందేలు, రుణ యాప్‌ల వేధింపులు, ఫొటోలతో బెదిరింపులు. అవమానభయంతో వీటిని ఎవరికీ చెప్పుకొనలేక ఒంటరిగా నలిగిపోవడం అసలు ప్రమాదం. ఇట్టి ఆన్‌లైన్ మోసాలకు గురియైనవారు 1930 అనే నంబరుకు ఫోను చేసి ఫిర్యాదు చేయవచ్చును.

ఆత్మహత్యకు ఏదో ఒక్క కారణాన్ని చూపి, "ఫెయిలైనందుకు చనిపోయాడు" అని తేల్చివేయడం సరికాదు. అనేక బాధలు చాలాకాలం కూడుకొని, సహాయం దొరకదన్న నిరాశ పూర్తిగా ఆవరించినప్పుడు ఒక చిన్న సంఘటన చివరి దెబ్బ అవుతుంది. కనుక ఆ బాధలను ముందుగానే ఒక్కొక్కటిగా తేలికపరచుకొనే అవకాశం ఉంటే ఆ దెబ్బ ప్రాణాంతకం కాకుండా పోవచ్చును. ఇంటర్మీడియట్ తప్పినవారికి అదే వేసవిలో అడ్వాన్స్‌డ్ సప్లిమెంటరీ పరీక్ష నిర్వహించడం ఇట్టి ఒక మంచి ఏర్పాటు. సంవత్సరం వృథా కాదన్న ఒక్క ధైర్యం ఎందరినో నిలబెడుతుంది.

ఆ గదిలో ఏమి జరుగుతుంది?

కౌన్సెలరు గదిలో ఏమి జరుగుతుందో తెలియకపోవడం వలననే చాలామంది అటు వెళ్ళడానికి జంకుతారు. కాబట్టి ఒక ఉదాహరణతో వివరిస్తాము. బి.కాం. రెండవ సంవత్సరం చదివే ఒక విద్యార్థిని ఊహించుకొందాం. తండ్రి ఆటో నడుపుతాడు. ఇతడు సాయంత్రం ఒక బట్టల దుకాణంలో లెక్కలు వ్రాస్తాడు. గత సెమిస్టరులో రెండు పేపర్లు తప్పినవి, ఇంటిలో చెప్పలేదు. రాత్రి నిద్ర పట్టదు. తరగతిలో కూర్చుంటే గుండె దడ. అమ్మతో, "దిల్ ఘబరా రహా హై" అంటాడే గాని కారణం చెప్పడు. డాక్టరు పరీక్షించి గుండెకు ఏ లోపమూ లేదన్నాడు. మన ప్రాంతంలో మనస్సు బాధ తరచుగా గుండె దడగా, తలనొప్పిగా, కడుపులో మంటగానే బయటపడుతుంది. భయం కలిగినప్పుడు శరీరం ఎడ్రినలిన్ అనే రసాన్ని విడుదల చేస్తుంది, దాని వలన గుండె వేగం పెరుగుతుంది. కనుక ఆ దడ అబద్ధం కాదు, నటన అంతకంటె కాదు.

ఈ విద్యార్థి కౌన్సెలరు వద్దకు వెళ్ళినాడనుకొందాం. మొదటి సమావేశం ముప్పావు గంట సేపు సాగుతుంది. ఇక్కడి మాటలు బయటికి పోవని, పోయే సందర్భాలు ఏవో కొన్ని ఉంటే అవి ఏవో కూడా కౌన్సెలరు మొదటనే చెబుతారు. పిదప విద్యార్థి తనకు వచ్చిన భాషలో, తనకు తోచిన వరుసలో చెప్పుకొంటాడు. అంతా విన్న తరువాత కౌన్సెలరు అతని మాటలనే మూడు భాగాలు చేసి అతని ముందు పెడతారు. "రెండు పేపర్లు తప్పినవి" అన్నది జరిగిన విషయం. "నేను దేనికీ పనికిరాను" అన్నది అతడు చేసికొన్న వ్యాఖ్యానం. "నాన్న తల ఎత్తుకొని తిరుగలేడు" అన్నది అతని ఊహ. ఈ మూడూ మనస్సులో ఒకే ముద్దగా కలిసిపోయి ఉన్నంతకాలం కొండంత భారంగా తోస్తాయి. విడదీసి చూచినప్పుడు చేయదగిన పని కనిపిస్తుంది. ఆలోచనలను ఇట్లు పరిశీలించే పద్ధతిని 1960ల నుండి ఆరన్ బెక్ అనే వైద్యుడు అభివృద్ధి చేశాడు. నేడు ప్రపంచమంతటా వాడుకలో ఉన్న చికిత్సా విధానాలలో ఇది ముఖ్యమైనది.

ఇక పనులు చిన్నవిగా మొదలవుతాయి. తిరిగి పరీక్ష ఎప్పుడో తెలిసికొనడం, ఒక పాఠాన్ని మాతృభాషలో వివరించగల అధ్యాపకుని గాని పై తరగతి విద్యార్థిని గాని కలవడం, దుకాణం యజమానిని అడిగి పరీక్షల ముందు కొన్ని వారాలు పని తగ్గించుకొనడం, రోజుకు 7 గంటలకు తక్కువ కాకుండా నిద్రించడం. ఆ పిదప అన్నింటికంటె కష్టమైన పని, తండ్రికి చెప్పడం. ఏ మాటతో ప్రారంభించవలెనో, తండ్రి కోపించితే ఏమనవలెనో ఆ గదిలోనే ఒకటికి రెండుమార్లు అభ్యాసం చేయవచ్చును. వారానికి ఒకసారి చొప్పున నాలుగైదు సమావేశాలతో చాలామంది విద్యార్థులు తేరుకొంటారు.

కొందరికి ఇది చాలదు. రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ మనస్సు కుంగి ఉండడం, ఇష్టమైన పనుల మీద కూడా ఆసక్తి నశించడం, నిద్రాహారాలు తారుమారు కావడం, బ్రతుకు వ్యర్థమన్న భావన కలగడం కుంగుబాటు వ్యాధికి లక్షణాలు. అట్టివారిని కౌన్సెలరు వైద్యుని వద్దకు పంపుతారు. ఇక్కడ మూడు వృత్తులకు గల భేదం తెలిసికొనడం మంచిది. కౌన్సెలరు మాటల ద్వారా తోడ్పడేవారు. క్లినికల్ సైకాలజిస్టు మానసిక పరీక్షలలో, చికిత్సా పద్ధతులలో ప్రత్యేక శిక్షణ పొందినవారు. సైకియాట్రిస్టు వైద్యవిద్య చదివి మందులు వ్రాయగల డాక్టరు. కుంగుబాటుకు వాడే మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. నాలుగు రోజులు వాడి గుణం లేదని మానివేయడం, కాస్త తేరుకోగానే వైద్యుని అడుగకుండా ఆపివేయడం రెండూ హానికరం.

హైదరాబాదులోని ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ ఉన్నది, విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది. వేలాదిమందికి స్వస్థత చేకూర్చిన స్థలాలవి. కాని మన వాడుకలో ఎర్రగడ్డ అన్న పేరే ఒక ఎగతాళి మాట అయిపోయినది. తోటి విద్యార్థిని, "నిన్ను ఎర్రగడ్డకు పంపాలి" అని నవ్వుతూ అన్న ప్రతిసారీ, నిజంగా సహాయం కావలసిన మరొక విద్యార్థి ఆ మాట విని తన నోరు మూసుకొంటున్నాడని మనం గ్రహించవలెను.

గోప్యతయే ప్రాణం

కౌన్సెలరును నియమించి, గది కేటాయించి, బోర్డు తగిలించినంత మాత్రాన విద్యార్థులు వస్తారనుకొనడం పొరపాటు. మన సమాజంలో ఒకరి కుటుంబం మరొకరికి తెలుసు. కళాశాల గుమాస్తా మన వీధివారే, అధ్యాపకులు మామయ్యగారి స్నేహితులే. ఉదయం గదిలో చెప్పిన మాట సాయంత్రానికి ఇంటికి చేరుతుందన్న భయం ప్రతి విద్యార్థికీ ఉంటుంది. విద్యార్థినికి ఆ భయం మరింత ఎక్కువ. ఆమెకు మానసిక సమస్య ఉన్నదన్న వదంతి పుడితే సంబంధాలు చెడిపోతాయని తల్లి భయపడుతుంది. "నలుగురూ ఏమనుకొంటారు?" అన్నా, "లోగ్ క్యా కహేంగే?" అన్నా భాష మారినదే గాని భయం మారలేదు.

కనుక గోప్యత అన్నది అదనపు సౌకర్యం కాదు, ఈ సేవకు ప్రాణం. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చికిత్స పొందేవారి వివరాలను రహస్యంగా ఉంచవలసిన బాధ్యతను వైద్య సిబ్బందిపై ఉంచింది. అదే నియమాన్ని కళాశాల కౌన్సెలింగుకు కూడా మనం వర్తింపజేసికొనవలెను. అయితే గోప్యతకు హద్దులు ఉన్నవి. విద్యార్థి ప్రాణానికి గాని ఇతరుల ప్రాణానికి గాని ముప్పు ఉన్నప్పుడు, 18 ఏండ్లు నిండనివారిపై లైంగిక నేరం జరిగినప్పుడు మౌనం వహించరాదు. రెండవ సందర్భంలో తెలియజేయడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. అప్పుడు కూడా ముందుగా ఆ విద్యార్థికి చెప్పి, తెలియవలసిన వారికి మాత్రమే, తెలియవలసినంత మాత్రమే తెలియజేయవలెను.

తలిదండ్రులకు చెప్పకుండా దాచడం ధర్మమా అని కొందరు పెద్దలు ప్రశ్నిస్తారు. ఇది సహేతుకమైన ప్రశ్నయే. మా సమాధానం ఇది. కౌన్సెలింగ్ లక్ష్యం బిడ్డను తలిదండ్రుల నుండి వేరుచేయడం కాదు, వారితో మాట్లాడగల శక్తిని బిడ్డకు కల్పించడం. పైన చెప్పిన ఉదాహరణలో ఆ విద్యార్థి చివరకు తండ్రితో తానే చెప్పుకొనడానికి సిద్ధపడినాడు గదా! అదే మాట మొదటి దినముననే ఫోను ద్వారా తండ్రికి చేరి ఉంటే, ఆ విద్యార్థి మరల ఆ గది వైపు కన్నెత్తి చూడడు. అతని స్నేహితులు కూడా చూడరు. ఒక్క రహస్యం బయటపడితే నూరుమందికి ఆ తలుపు మూసుకొంటుంది.

మిత్రుడు చేయగలిగినది

వేదనలో ఉన్న విద్యార్థి సాధారణంగా మొదట చెప్పుకొనేది స్నేహితునితోనే. కాబట్టి ప్రతి విద్యార్థి కొన్ని సంగతులు తెలిసికొని ఉండవలెను. ఎల్లప్పుడూ కలివిడిగా ఉండేవాడు అకస్మాత్తుగా అందరికీ దూరం కావడం, ప్రియమైన వస్తువులను ఇతరులకు పంచిపెట్టడం, చావు గురించి నవ్వులాటగానైనా పదే పదే ప్రస్తావించడం, అందరి వద్ద వీడ్కోలు తీసుకొంటున్నట్లు మాట్లాడడం ప్రమాద సూచనలు. అట్టి వేళ, "చనిపోవాలన్న ఆలోచన వస్తున్నదా?" అని మెల్లగా, సూటిగా అడగవచ్చును. అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుందన్నది అపోహ. అడిగినందువలన ఎదుటివారికి భారం తగ్గుతుందనే పరిశోధనలు చెబుతున్నవి.

అవునని సమాధానం వస్తే ఒంటరిగా వదలరాదు. "ఎవరికీ చెప్పనని ఒట్టు వేయి" అని కోరితే ఆ ఒట్టు వేయరాదు. స్నేహం పోయినా తిరిగి సంపాదించుకొనవచ్చును, ప్రాణం విషయంలో ఆ వీలు లేదు. నమ్మకమైన అధ్యాపకునికో, వార్డెనుకో, కుటుంబ సభ్యునికో వెంటనే తెలియజేయవలెను. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుపై రాత్రింబవళ్ళు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేయవచ్చును. తెలుగులోను, ఉర్దూలోను మాట్లాడవచ్చును. ఆపద తక్షణమైనదైతే దగ్గరి ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. పోలీసు కేసు అవుతుందన్న జంకుతో కాలయాపన చేయరాదు. ఆత్మహత్యాయత్నం చేసిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లు భావించి శిక్షింపరాదని 2017 నాటి చట్టం నిర్దేశించింది. 2024 జూలై 1 నుండి అమలులోనికి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని శిక్షించే పాత సెక్షను చోటుచేసికొనలేదు.

కమిటీవారికి మనవి

ఈ విషయంలో దేశ సర్వోన్నత న్యాయస్థానం కూడా ఇటీవల మార్గం చూపింది. విశాఖపట్నంలో నీట్ శిక్షణ పొందుతూ 2023లో మరణించిన ఒక 17 ఏండ్ల విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నింటికీ వర్తించే మార్గదర్శకాలను జారీ చేసింది. 100 మంది గాని అంతకు మించి గాని విద్యార్థులున్న ప్రతి సంస్థ కనీసం ఒక అర్హత గల కౌన్సెలరునో, మనస్తత్వ నిపుణునో, సామాజిక కార్యకర్తనో నియమించవలెను. చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసికొనవలెను. మార్కులను బట్టి విద్యార్థులను వేరు వేరు జట్లుగా విడదీయరాదు, నలుగురిలో అవమానింపరాదు. బోధన సిబ్బందికి, ఇతర సిబ్బందికి సంవత్సరానికి రెండు పర్యాయాలైనా శిక్షణ ఇవ్వవలెను. సహాయ నంబర్లను అందరికీ కనిపించేలా ప్రదర్శించవలెను. తగిన చట్టం వచ్చేవరకు ఈ నియమాలు కట్టుబడదగినవని న్యాయస్థానం స్పష్టం చేసింది.

వీటిని దృష్టిలో ఉంచుకొని కొన్ని సూచనలు మనవి చేస్తున్నాము. మొదటిది, కౌన్సెలరు గది ప్రిన్సిపాలు గారి కార్యాలయం ప్రక్కన గాని, అందరూ గుమికూడే వరండాలో గాని ఉండరాదు. గ్రంథాలయం వైపు ఉంటే, అటు వెళ్ళేవారిని చూచి ఎవరూ ఏమీ అనుకొనరు. రెండవది, ఇంటర్నల్ మార్కులు వేసే అధ్యాపకునికే ఈ బాధ్యత అప్పగించరాదు. మార్కులు వేసే చేతి ముందు మనస్సు విప్పడం ఎవరికీ సాధ్యం కాదు. మూడవది, వచ్చే నిపుణులు ఉర్దూ, తెలుగు రెండూ తెలిసినవారై ఉండవలెను. పాఠం ఇంగ్లీషులో చదివినా దుఃఖం వచ్చేది అమ్మ భాషలోనే. విద్యార్థినుల కొరకు మహిళా కౌన్సెలరు వారంలో కొన్ని నిర్ణీత దినాలలోనైనా అందుబాటులో ఉండవలెను.

నాలుగవది, రిజిస్టరులో పేర్లకు బదులు సంఖ్యలు వ్రాసి, ఆ పత్రాలను కౌన్సెలరు వద్దనే తాళంలో ఉంచవలెను. కమిటీవారికి సంవత్సరాంతంలో ఎంతమంది వచ్చారో, ఏ విధమైన సమస్యలు ఎక్కువగా ఉన్నవో తెలిస్తే చాలును. కమిటీకి కావలసినది లెక్కయే గాని పేరు కాదు. ఐదవది, ఫలితాలు వెలువడే దినాన కళాశాల మూసియుండరాదు. ఆ దినం, మరునాడు కొందరు అధ్యాపకులు హాజరై, తప్పినవారికి పునఃపరిశీలన, సప్లిమెంటరీ వివరాలు చెప్పి ధైర్యం కల్పించవలెను. ఆరవది, సంవత్సరారంభంలో జరిగే తలిదండ్రుల సమావేశంలో ఫీజుల సంగతితోపాటు ఈ విషయం కూడా చర్చకు రావలెను.

ఖర్చు ఎక్కడి నుండి వస్తుందన్న ప్రశ్న తప్పక వస్తుంది. చిన్న కళాశాలల ఆర్థిక స్థితి మాకు తెలియనిది కాదు. పూర్తికాలపు నియామకం ఒక కళాశాలకు భారమైతే, దానిని తగ్గించుకొనే మార్గాలను వెదకవచ్చును గాని నియామకాన్నే విడిచిపెట్టరాదు. 1996లో ఆరంభమైన జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం ద్వారా ప్రభుత్వ వైద్యుల సహకారం కోరవచ్చును. మనస్తత్వశాస్త్రంలోనో సామాజిక సేవా శాస్త్రంలోనో పట్టా పొందిన పూర్వ విద్యార్థులను అధ్యాపకుల శిక్షణకు, తలిదండ్రుల సమావేశాలకు ఆహ్వానించవచ్చును. వార్షికోత్సవ వేదిక అలంకరణకు అయ్యే ఖర్చులో కొంత ఈ గదికి మళ్ళిస్తే ఆ ఉత్సవం శోభ తగ్గదని మా నమ్మకం.

విద్యార్థి మిత్రులారా! జ్వరం వచ్చినప్పుడు డాక్టరు వద్దకు పోవడం బలహీనత కాదని మీకు తెలుసు. మనస్సు అలసినప్పుడు మరొకరి తోడు కోరడం కూడా అట్టిదే. మీ కష్టం చెప్పుకొనదగనంత చిన్నది కాదు, వినలేనంత పెద్దదీ కాదు. కమిటీ పెద్దలారా! మన కళాశాల ఫలితాల శాతాన్ని ప్రతి సంవత్సరం ఈ సంచికలో సగర్వంగా ప్రకటించుకొంటున్నాము. ఆ శాతంలో చేరకుండా మధ్యలోనే తరగతికి రావడం మానివేసినవారు ఎందరో, ఎందుకు మానివేశారో కూడా ఇకమీదట విచారించుకొందాం. రాబోయే విద్యా సంవత్సరం ఆరంభం నాటికి గ్రంథాలయం వైపున ఒక చిన్న గది తలుపు తెరచియుండవలెనని, దాని మీది బోర్డు ఉర్దూలోను, తెలుగులోను వ్రాయబడియుండవలెనని కోరుతూ విరమిస్తున్నాము.